చేతిలో ఏదైనా ఉండి ఉంటే

హాలిఫాక్స్,
నవంబర్ 6, 2023.

మల్లి అన్నయ్యకి,

వందనాలు. నేను హోప్‌ని. తణుకు పాస్టర్ సువార్తరాజు గారి అమ్మాయిని, మీ రూమ్మేట్ క్రిస్టఫర్ చెల్లెల్ని. కాకినాడలో బీటెక్ చదివే రోజుల్లో ఒకసారి సెలవులకి అన్నయ్యతో మా ఇంటికొచ్చారు మీరు. అప్పుడు నాకు పదమూడేళ్లు. అమ్మ చేసిన రొయ్యల వేపుడు మూడుసార్లు వడ్డించుకున్నారని మాత్రం గుర్తుంది.

మీరూ అమెరికా వదిలి ఈ దేశానికే వచ్చేశారని చెప్పి, మీ క్లాస్‌మేట్ శ్రీహర్ష గారు మీ అడ్రస్ ఇచ్చారు. ఉత్తరం ఎందుకంటే, నాకు కావలసింది కాగితం మీద, మీ సంతకంతో కావాలి. అదేమిటో చెప్తాను.

నేను ఇక్కడ హెల్త్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. వచ్చి పద్నాలుగు నెలలైంది. డార్ట్‌మత్ వైపు ఒక బేస్‌మెంట్లో అయిదుగురం అమ్మాయిలం ఉంటాం. క్యాంపస్‌కి వెళ్లాలంటే హార్బర్ అవతలికి ఫెర్రీ పడవ, అది దిగాక బస్సు. ఈ ఏడాది స్టూడెంట్లు ఎంతమంది వచ్చారంటే, అద్దెకి ఇల్లు దొరకని ప్రతివాడికీ మేమే కనిపిస్తున్నాం. బస్సులో మా పక్కన కూర్చున్నవాళ్లు లేచి వేరే సీట్లోకి వెళ్లడం అలవాటైపోయింది.

నా రూమ్మేట్ ధరణిది జగిత్యాల. నెమ్మదైన పిల్ల, ఎవరైనా గట్టిగా మాట్లాడితే తనే సారీ చెప్పేస్తుంది. అక్టోబర్ 19న సాయంత్రం ఆరుంపావుకి లైబ్రరీ నుంచి వస్తుంటే, క్యాంపస్ వెనక బస్‌స్టాప్ దగ్గర ఇద్దరు ఆపారు. ఫోన్ అడిగారు, ఇచ్చేసింది. ఇచ్చాక కూడా కొట్టారు. “మీ వల్లే మాకు ఇళ్లు లేవు” అన్నారట. దవడ రెండుచోట్ల విరిగింది. పళ్లకి తీగలు చుట్టారు. రెండున్నర వారాలుగా స్ట్రాతో సూప్ తాగుతోంది. వాళ్లు దొరకలేదు.

యూనివర్సిటీ వాళ్లు ఒక ఈల ఇచ్చారు. నిజంగానే, ఎర్రటి ప్లాస్టిక్ ఈల.

అందుకని మేం కొంతమందిమి కలిసి స్టూడెంట్ యూనియన్‌లో తీర్మానం పెడుతున్నాం. ఈ దేశంలో ఆత్మరక్షణకి పెప్పర్ స్ప్రే దగ్గర పెట్టుకోవడం కూడా నేరం. ఎలుగుబంట్ల కోసమని అమ్మే స్ప్రే కొనుక్కోవచ్చు గానీ, మనిషి కోసం బ్యాగులో పెట్టుకుంటే కేసు. ఆ చట్టం మార్చమని ప్రభుత్వాన్ని అడగాలని, మారేలోపు క్యాంపస్‌లో స్ప్రే దగ్గర పెట్టుకున్నవాళ్లని శిక్షించొద్దని మా డిమాండ్. మొదటి మీటింగ్ నవంబర్ 28న.

నేను ఆ రోజు అన్నయ్య గురించి మాట్లాడతాను. ఆరేళ్ల కిందట అమెరికాలో క్యాంపస్ లైబ్రరీ ముందు, పట్టపగలు, ఎవడో దుండగుడు కాల్చి వెళ్లిపోయాడు. అన్నయ్య చేతిలో ఏదైనా ఉండి ఉంటే ఈ రోజు బతికుండేవాడు. మీరు ఆ రోజు అక్కడే ఉన్నారని నాన్న ఒకసారి అన్నారు. ఈ మాటే మీరు ఒక పేజీలో రాసి సంతకం పెట్టి పంపితే, నేను చదివి వినిపిస్తాను. చూసినవాళ్లు చెప్తే ఆ బలం వేరు.

నాన్న కోవిడ్‌లో పోయారు, మీకు తెలిసే ఉంటుంది. అమ్మ రిటైరైంది. బాగానే ఉంది.

మీ జవాబు కోసం చూస్తాను.

హోప్


కనాటా,
నవంబర్ 19, 2023.

హోప్‌కి,

నీ ఉత్తరం అందింది. వెంటనే జవాబు రాయలేకపోయాను, ఏమీ అనుకోకు. పాస్టర్ గారు పోయిన సంగతి శ్రీహర్ష చెప్పాడు. అప్పుడే అమ్మగారికి ఫోన్ చేయాల్సింది. చేయలేదు.

ధరణి గురించి చదివితే బాధగా ఉంది. మీరు అయిదుగురూ ఒకే టైమ్‌కి బయల్దేరేలా చూసుకోండి. ఆ వెనక బస్‌స్టాప్ మానేసి, నాలుగు నిమిషాలు ఎక్కువైనా మెయిన్ రోడ్డు మీద ఎక్కండి. ఈల ఈల అని వెక్కిరించావు గానీ దగ్గర పెట్టుకో.

క్రిస్టఫర్ గురించి నాకు గుర్తున్నది చెప్పనా? అంట్లు తోముతూ పాడేవాడు. మా ఇద్దరి వంతులూ వాడే తోమేవాడు, పాట సగంలో ఆపడం ఇష్టంలేక. కారు రివర్స్ చేయడం ఎంత నేర్పినా రాలేదు. మీ అమ్మగారు పంపిన ఆవకాయ సీసా మీద నీ చేత్తో “అన్నయ్యకి మాత్రమే” అని రాసి పంపావు. అది నాకు కనిపించేలా బల్ల మీదే పెట్టేవాడు.

నువ్వు అడిగిన ఉత్తరం మాత్రం నేను రాయలేను. ఆ రోజు గురించి పోలీసులు చెప్పిన దానికి మించి నాకు తెలిసిందేమీ లేదు. ఏడాదికి ఒకట్రెండుసార్లు ఇలాంటివి అడిగేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, అందరికీ ఇదే చెప్పాను. ఇంకొక్క మాట. అన్నయ్య పేరు మీటింగులకి తీసుకెళ్లొద్దు. వాణ్ని అలా వదిలెయ్.

చదువు మీద దృష్టి పెట్టు. ఏ అవసరం వచ్చినా రాయి.

మల్లికార్జున్


హాలిఫాక్స్,
డిసెంబర్ 4, 2023.

మల్లికార్జున్ గారికి,

మీ సలహాలకి థ్యాంక్స్. మెయిన్ రోడ్డు మీద కూడా కొడుతున్నారని మీకు తెలియదు కాబట్టి ఆ సలహా ఇచ్చారు.

మీరు అన్నయ్య శవపేటికతో పాటు రాలేదు. పన్నెండు రోజులకి వచ్చింది అది. ఎయిర్‌పోర్టులో కాగితాల మీద సంతకాలు నాన్న ఒక్కరే పెట్టారు. చర్చిలో ఆరాధన జరుగుతుంటే అమ్మ ప్రతి బండి చప్పుడికీ గుమ్మం వైపు చూసింది, కొడుకు స్నేహితుడు వస్తాడని. అప్పుడు కూడా మీకు తెలిసిందేమీ లేదేమో.

మీరు రాయకపోయినా నేను మాట్లాడాను. హాల్లో నూట ఎనభై మంది ఉన్నారు. అన్నయ్య ఫోటో తెర మీద వేసి, ఆ రోజు పేపర్లో వచ్చిన వార్త చదివాను. “దుండగుడి కాల్పుల్లో తెలుగు విద్యార్థి మృతి.” ఎవరూ దగ్గలేదు కూడా.

మమ్మల్ని వ్యతిరేకించినవాళ్లలో టియానా అనే అమ్మాయి ఉంది. నల్లమ్మాయి, ఆమె కుటుంబం రెండొందల ఏళ్లుగా ఇక్కడే ఉంది. “అందరి బ్యాగుల్లోనూ ఇది ఉంటే ముందు ఎవరి మీద కొడతారో నాకు తెలుసు. చీకట్లో హుడీ వేసుకుని నడిచే మా తమ్ముడి మీద. మీరు భయపడేది అలాంటి ఆకారాన్ని చూసే కదా” అంది. నేను లేచి, “మీ తమ్ముడికీ ఒకటి ఇవ్వండి” అన్నాను. చప్పట్లు కొట్టారు.

తర్వాత ఆల్బర్టా నుంచి వచ్చిన కోల్ అనే కుర్రాడు లేచాడు. షూటింగ్ క్లబ్‌లో ఉంటాడు. స్ప్రే సగం మాటేనని, అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లోలా లైసెన్సు, ట్రైనింగ్ ఉన్న విద్యార్థులకి తుపాకీతోనే క్యాంపస్‌కి వచ్చే అనుమతి అడగాలని అన్నాడు. అది కూడా తీర్మానంలో రెండో భాగంగా చేర్చారు. నేను అడ్డు చెప్పలేదు. అన్నయ్యని చంపినవాడి దగ్గర ఉన్నది స్ప్రే కాదు కదా.

ఫిబ్రవరి మొదటి వారంలో విద్యార్థులందరి ఓటింగ్. పోస్టర్ మీద అన్నయ్య ఫోటో ఉంటుంది.

ధరణి మళ్లీ క్లాసులకి వెళ్తోంది. తీగలు తీశారు. ఒక్కతే అయితే ఫెర్రీ ఎక్కనంటే, క్యాంపింగ్ షాపుకెళ్లి ఎలుగుబంటి స్ప్రేలు రెండు కొన్నాను. ఒకటి నా దగ్గర, ఒకటి దాని కోటు జేబులో. చట్టం సంగతి తర్వాత. ధరణి ఇప్పుడు తల ఎత్తి నడుస్తోంది.

హోప్


కనాటా,
డిసెంబర్ 12, 2023.

హోప్,

ధరణి దగ్గరున్న స్ప్రే ఈ రోజే తీసేసుకో. నీది కూడా పారెయ్. ఎందుకని అడక్కు, ముందు ఆ పని చెయ్.

పోస్టర్ మీద వాడి ఫోటో వేయొద్దు. దుండగుడు ఎవరూ లేరు. పేపర్లో వచ్చింది తప్పు. మీ నాన్నగారికి తెలుసు.

మల్లికార్జున్


హాలిఫాక్స్,
డిసెంబర్ 20, 2023.

మీ ఉత్తరం పదిసార్లు చదివాను. నాన్న అబద్ధం చెప్పారని, ఆయన లేనప్పుడు రాయడానికి మీకు ఎలా మనసొప్పింది?

దుండగుడు లేకపోతే ఏమైంది? అన్నయ్య తనే చేసుకున్నాడా? అదేనా మీరు చెప్పేది?

మొత్తం రాయండి. సగం రాసి ఆపేస్తే అమ్మకి ఫోన్ చేసి అడుగుతాను.

హోప్


కనాటా,
జనవరి 7, 2024.

హోప్,

వాడు తనే చేసుకోలేదు. ముందు ఆ మాట నమ్ము. మిగతాది కూర్చుని చదువు.

మేం చేరిన రెండో ఏడు ఆ రాష్ట్రంలో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఇరవై ఒకటి నిండిన విద్యార్థులు తుపాకీ దగ్గర ఉంచుకుని క్లాసుకి రావచ్చు. ఆ ఆగస్టులో పక్క ఊళ్లో గ్యాస్ స్టేషన్‌లో పనిచేసే మన కుర్రాణ్ని ఎవరో కాల్చేశారు. నేనూ అలాంటి చోటే పార్ట్‌టైమ్ చేస్తున్నాను. నిద్ర పట్టేది కాదు. వీసా మీద ఉన్నవాళ్లు కూడా వేట లైసెన్సు తీసుకుంటే తుపాకీ కొనొచ్చని ఎవరో చెప్పారు. తీసుకున్నాను. పిస్టల్ కొన్నాను. నాకు వేట అంటే ఏమిటో తెలియదు.

క్రిస్టఫర్ చూసి, “ఇది ఇంట్లో ఉంటే నేనుండను రా” అన్నాడు. తిరిగి ఇచ్చేశానని చెప్పాను. ఇవ్వలేదు. నా బ్యాగులో, పుస్తకాల మధ్య, తుపాకీకుండే తోలు కవరు కూడా లేకుండా పెట్టుకుని తిరిగాను. గుండు ఎక్కించే ఉంచాను. అవసరమైనప్పుడు టైమ్ ఉండదని ఎక్కడో విన్నాను.

మా ఇద్దరివీ ఒకేలాంటి నీలం బ్యాగులు. చేరిన రోజున యూనివర్సిటీ ఇచ్చినవి. అక్టోబర్ 11న పొద్దున తొందరలో వాడు నా బ్యాగు తీసుకెళ్లాడు. గంట తర్వాత చూసుకున్నాను. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. ఛార్జ్ అయిపోయింది. కారేసుకుని వెళ్లాను. లైబ్రరీ మెట్ల మీద కూర్చున్నాడు. నలభై అడుగుల దూరం ఉంటుందేమో. నేను కేకేశాను. వాడు నన్ను చూసి చెయ్యి ఊపాడు, రెండో చెయ్యి బ్యాగులో ఉంది. ఛార్జర్ కోసం. దాని తీగ తుపాకీకి చుట్టుకుని ఉంది. తీగ పట్టుకుని లాగాడు.

తొడ పైభాగంలో తగిలింది. పరుగెత్తి రెండు చేతులతో గట్టిగా నొక్కి పట్టాను. రక్తం కొంచెం తగ్గింది కూడా. వాడికి స్పృహ ఉంది.

ఇప్పుడు రాయబోయేది నేను ఎవరికీ చెప్పలేదు. చప్పుడు విని ఎవరో అలారం కొట్టారు. క్యాంపస్‌లో సాయుధుడు తిరుగుతున్నాడని అందరి ఫోన్లకీ మెసేజ్ వెళ్లింది. లైబ్రరీలోంచి తుపాకులున్న విద్యార్థులు బయటికొచ్చారు, నలుగురో అయిదుగురో. మంచివాళ్లే. అందర్నీ కాపాడాలని వచ్చినవాళ్లు. అందులో ఒకడికి కనిపించింది ఏమిటి? మెట్ల మీద పడున్న మనిషి, పక్కన పిస్టల్, వాడి మీద వంగి రక్తం పూసుకున్న నేను. నా తలకి గురిపెట్టి, చేతులెత్తమన్నాడు. “మా వాడు, నొక్కకపోతే చచ్చిపోతాడు” అని అరిచాను. ఏ భాషలో అరిచానో నాకే తెలియదు. ఇంకోసారి ఎత్తమన్నాడు.

నేను చేతులెత్తాను, హోప్.

పోలీసులు వచ్చేసరికి ఎంతమంది దగ్గర తుపాకులున్నాయో, ఎవరు ఎవరో వాళ్లకి తెలియలేదు. ఒక్కొక్కర్నీ పడుకోబెట్టి సోదా చేసి, భద్రంగా ఉందని తేల్చుకునేదాకా అంబులెన్సుని లోపలికి పంపలేదు. అందుకు ఇరవై రెండు నిమిషాలు పట్టింది. అంబులెన్సు వంద గజాల దూరంలో లైట్లు వెలుగుతూ నిలబడి ఉండడం నాకు కనిపిస్తూనే ఉంది.

మొదటి రోజు పేపర్లలో దుండగుడు అని వచ్చింది. తర్వాత దిద్దినవాళ్లు లేరు. నా మీద కేసు పెట్టలేదు. నేను చేసినదాంట్లో చట్టం ప్రకారం నేరం ఏమీ లేదన్నారు. రెండు నెలలకి పోలీసు రిపోర్టు మీ ఇంటికి పోస్టులో వచ్చింది. పాస్టర్ గారు ఫోన్ చేశారు. “తుపాకీ దగ్గరే ఉందంటే సంఘంలో ఆత్మహత్య అంటారు. వాళ్లమ్మ తట్టుకోలేదు. దొంగ చంపాడనే ఉండనీ. నువ్వూ పిల్లాడివే” అన్నారు. ఆయన అడిగారు కాబట్టి చెప్పలేదని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. చెప్పకపోవడం నాకు సుఖంగా ఉంది కాబట్టి చెప్పలేదు. మా ఆవిడ చంద్రకళకి కూడా నిన్ననే చెప్పాను.

మొదటి ఉత్తరంలో నాకేమీ తెలియదని రాశాను. క్షమించమని అడగను.

స్ప్రే తీసేసుకున్నావా లేదా, ఆ ఒక్కటీ రాయి.

మల్లికార్జున్


కనాటా,
ఫిబ్రవరి 11, 2024.

హోప్,

నెల దాటింది. నీ నుంచి జవాబు రాదని అనుకుంటున్నాను, రావాల్సిన అవసరమూ లేదు.

మీ తీర్మానం నెగ్గిందని యూనియన్ వెబ్‌సైట్లో చూశాను. నూటికి అరవై ఒకటి. పోస్టర్ కూడా చూశాను. కాకినాడ బీచ్‌లో ఆ ఫోటో తీసింది నేనే.

స్ప్రే సంగతి నువ్వు చెప్పలేదు.

మల్లికార్జున్


హాలిఫాక్స్,
మార్చి 3, 2024.

అన్నయ్యా,

ఏమని పిలవాలో తెలియక మళ్లీ అదే రాశాను.

మీ ఉత్తరం జనవరి 15న అందింది. చదివి, మడిచి, నా సూట్‌కేసులో చీరల కింద పెట్టేశాను. మర్నాడు ప్రింటింగ్ షాపుకి వెళ్లి పోస్టర్లు తెచ్చాను. ఎవరికీ చెప్పలేదు. ఓటింగ్‌కి మూడు వారాలు ఉంది. అందరూ నన్ను చూసి చేతులు కలుపుతున్నారు. క్రిస్టఫర్ చెల్లెలు అంటున్నారు. రేడియో వాళ్లు పిలిస్తే వెళ్లి, దుండగుడు అనే చెప్పాను, తెలిసి కూడా. చెప్పేటప్పుడు ఏడుపొచ్చింది. అది కూడా పనికొచ్చింది.

మీరు అడిగిన పని మాత్రం చేద్దామనుకున్నాను. ఒకరోజు ధరణిని అడిగాను, ఆ స్ప్రే ఇచ్చెయ్యవే అని. “అది లేకపోతే నేను గడప దాటలేనక్కా” అంది. సరేలెమ్మని ఊరుకున్నాను. నాకూ మనసులో ఉంది, అది తుపాకీ కాదు కదా, ఎవరూ చచ్చిపోరు కదా అని.

ఫిబ్రవరి 20. సాయంత్రం అయిదున్నరకి ధరణి డార్ట్‌మత్ వైపు ఫెర్రీ దిగి టెర్మినల్ మెట్లు ఎక్కుతోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, పైన టోపీ. వెనక నుంచి ఎవరో గబగబా వస్తున్నట్టు నీడ కనిపించింది. భుజం మీద చెయ్యి పడింది. ఎవరో చూడకుండానే జేబులోంచి స్ప్రే తీసి వెనక్కి కొట్టేసింది.

ఆయన పేరు డొనాల్డ్. అరవై ఎనిమిదేళ్లు. హాస్పిటల్ లాండ్రీలో పనిచేసి రిటైరయ్యాడు. ఫెర్రీ సీట్లో ధరణి మర్చిపోయిన చేతి గ్లౌజు పట్టుకుని, పిలుస్తూ పిలుస్తూ వచ్చాడు. దీనికి వినపడలేదు. కళ్లు మూసుకుపోయి వెనక్కి పడ్డాడు. పదకొండు మెట్లు. తుంటి ఎముక విరిగింది, తలకి దెబ్బ. కుడి కన్ను చూపు తిరిగి రాదన్నారు.

గ్లౌజు ఆయన చేతిలోనే ఉందట.

ధరణి పరిగెత్తలేదు. పక్కనే కూర్చుని నీళ్లతో ఆయన కళ్లు కడుగుతూ ఉంది పోలీసులు వచ్చేదాకా. ఆయుధంతో దాడి కేసు. బెయిల్ మీద వదిలారు, రాష్ట్రం దాటి వెళ్లకూడదు. క్లాసులు మానేసింది. శిక్ష పడితే స్టడీ పర్మిట్ ఏమవుతుందో లాయరుకే తెలియదు. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

మర్నాడు నేను స్టేషన్‌కి వెళ్లి, అది కొన్నది నేను, ఇచ్చింది నేను అని చెప్పాను. రాసుకున్నారు. అవసరమైతే పిలుస్తామన్నారు. నా మీద కేసు పెట్టలేదు. మీ మీద పెట్టనట్టే.

మీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను ఆ రోజు. మొదటిసారి చదివినప్పుడు మిమ్మల్ని చంపాలనిపించింది. ఈసారి చదువుతుంటే, “తిరిగి ఇచ్చేశానని చెప్పాను, ఇవ్వలేదు” అన్న చోట ఆగిపోయాను. నేనూ అడిగానని చెప్పుకుంటున్నాను కదా, ఆ పిల్ల ఇవ్వలేదని.

మిమ్మల్ని క్షమించానని అనుకోకండి. అది నాకు తెలియదు.

మార్చి 22న మళ్లీ మీటింగ్ పెట్టమని టియానా సంతకాలు సేకరించింది, తీర్మానం వెనక్కి తీసుకోవాలని. ఆ సంతకాల్లో నాదీ ఉంది. రేడియోలో చెప్పింది అబద్ధమని నేను ఆ రోజు చెప్తాను. కానీ నేను అక్కడ లేను. ఉన్నది మీరు. రాసి పంపొద్దు. మీరే రావాలి.

హోప్


కనాటా,
మార్చి 11, 2024.

హోప్,

వస్తున్నాను. 21న సాయంత్రం దిగుతాను. చంద్రకళ కూడా వస్తానంది.

ధరణిని కలవొచ్చా? ఇష్టం లేకపోతే వద్దు.

మల్లికార్జున్


హాలిఫాక్స్,
ఏప్రిల్ 2, 2024.

అన్నయ్యా,

మీరు ఆ రోజు హాల్లోంచి తిన్నగా ఎయిర్‌పోర్టుకి వెళ్లిపోయారు కాబట్టి మిగతాది మీకు తెలియదు.

మీరు మాట్లాడుతున్నంతసేపూ నేను మిమ్మల్ని చూడలేదు, మీ చేతులే చూశాను. చేతులెత్తానని చెప్పినప్పుడు మీకు తెలియకుండానే పైకి ఎత్తారు. తర్వాత చాలాసేపు దించలేదు. చంద్రకళ గారు లేచొచ్చి పట్టుకుని దించారు.

కోల్ అడిగిన ప్రశ్న గుర్తుందా? “కవరులో సరిగ్గా పెట్టుకుని, ట్రైనింగ్ తీసుకుని ఉంటే మీ ఫ్రెండ్ బతికేవాడు కదా? తప్పు తుపాకీది కాదు, మీది” అన్నాడు. మీరు, “తప్పు నాదే. కానీ నాకు గురిపెట్టినవాడు ట్రైనింగ్ తీసుకున్నాడు, కవరులోంచి తీశాడు, అన్నీ రూల్ ప్రకారమే చేశాడు. వాడిలో నాకు ఇప్పటికీ తప్పు కనిపించదు. అదే నా భయం” అన్నారు. మీరు వెళ్లాక కోల్ చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. మారాడని చెప్పను. ఓటు మాత్రం వేయకుండా వెళ్లిపోయాడు.

తీర్మానం వెనక్కి పోయింది, పందొమ్మిది ఓట్ల తేడాతో. అంతే. పందొమ్మిదే. బయటికొస్తుంటే పంజాబీ అమ్మాయి ఒకతె నన్ను ఆపి, “నువ్వు మాకు ఒక అబద్ధం చెప్పావు, ఇప్పుడు ఒక నిజం చెప్పావు. నేను మాత్రం రేపు కూడా ఆ బస్సే ఎక్కాలి” అంది. ధరణిని కొట్టినవాళ్లు ఇంకా దొరకలేదు. టియానా, నేను కలిసి సాయంత్రం పూట గుంపులుగా బస్‌స్టాప్ దాకా నడిపించే ఏర్పాటు మొదలుపెట్టాం. మొదటి రోజు ఏడుగురు వచ్చారు, రెండో రోజు నలుగురు.

డొనాల్డ్ గారిని చూడ్డానికి లాయరు ఒప్పుకోలేదు, కేసు నడుస్తోంది కదా. ఆయన కూతురు మాత్రం లాయరు ద్వారా ఒక మాట పంపింది. “చలికి ఆ అమ్మాయి చేతులు గడ్డకట్టిపోతాయని మా నాన్న పరిగెత్తాడు, అది ఆమెకి తెలియాలి” అని. ధరణి విని లోపలికి వెళ్లి తలుపేసుకుంది. కోర్టు జూన్‌లో.

మీటింగ్‌కి ముందు మీరు ధరణితో ఏం మాట్లాడారో నాకు మీరూ చెప్పలేదు, తనూ చెప్పలేదు. కానీ ఆ మర్నాడు ఆ పిల్ల అన్నం వండింది.

ఇంక ఒక్కటి మిగిలింది. అమ్మ.

నేను చెప్దామని మూడుసార్లు ఫోన్ తీశాను. అమ్మ గొంతు వినగానే వేరే ఏదో మాట్లాడాను. ఇది నేను చెప్పాల్సింది కాదు. నాన్న చెప్పాల్సింది, ఆయన లేరు. కింద అమ్మ నంబర్ రాస్తున్నాను. పొద్దున ప్రార్థన అయ్యాక ఖాళీగా ఉంటుంది.

అమ్మ ముప్పై నాలుగేళ్లు గవర్నమెంట్ హాస్పిటల్లో నర్సుగా చేసింది. మీరు ఏదీ తేలిక చేసి చెప్పకండి. కనిపెట్టేస్తుంది.

హోప్


కనాటా,
ఏప్రిల్ 9, 2024.

హోప్,

నిన్న చేశాను.

నేనెవరో చెప్పగానే, “మల్లీ, రొయ్యలు తినే మల్లివేనా” అన్నారు. అవునన్నాను. తర్వాత మొదటి నుంచి చెప్పాను. తుపాకీ నాదని, తిరిగి ఇచ్చేశానని వాడితో అబద్ధం చెప్పానని, బ్యాగులు మారాయని. మధ్యలో లైన్ కట్ అయిందేమోనని రెండుసార్లు “ఆంటీ” అన్నాను. “ఉన్నాను, చెప్పు” అన్నారు.

అంతా అయ్యాక నర్సులాగే అడిగారు. ఎక్కడ తగిలింది, తొడ లోపలి వైపా బయటి వైపా అన్నారు. లోపలి వైపు అన్నాను. ఎలా నొక్కావు, అరచేత్తోనా గుడ్డతోనా అన్నారు. నా చొక్కా విప్పి దాంతో అన్నాను. మంచి పని చేశావు అన్నారు. ఎంతసేపు అని అడిగారు.

“నాలుగు నిమిషాలు ఆంటీ. తర్వాత చేతులు తీసేశాను” అన్నాను.

ఎక్కడో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

“తీయకపోతే నిన్ను కాల్చేవాడా?” అన్నారు.

“తెలియదు ఆంటీ. ఆరున్నర ఏళ్లుగా ఆలోచిస్తున్నాను. తెలియదు.”

పాస్టర్ గారికి తెలుసన్న మాట కూడా చెప్పాను. “ఆయన రిపోర్టు చదివి దాచిపెట్టాడా” అన్నారు. అవునన్నాను. “ఒక్కడే మోశాడన్నమాట. నాకు చెప్పి ఉంటే ఇద్దరం మోసేవాళ్లం” అన్నారు. కోపమో ఏమో నాకు అర్థం కాలేదు.

తర్వాత, నేను భయపడుతున్న ప్రశ్న అడిగారు. వాడికి స్పృహ ఉందన్నావు కదా, ఏమన్నా అన్నాడా అని.

ఈ సంగతి నీకు రాసిన ఉత్తరంలో లేదు. హాల్లోనూ చెప్పలేదు. చంద్రకళకి కూడా తెలియదు. మీ అమ్మగారికి మాత్రం చెప్పాను. “మల్లీ, బ్యాగులో ఏముంది రా?” అన్నాడు. అంతే. రెండుసార్లు అడిగాడు. నేను జవాబు చెప్పలేదు.

అప్పుడు ఆవిడ ఏడ్చారు. నేను ఫోన్ పట్టుకుని అలాగే ఉన్నాను. ఆ ఏడుపు వినాల్సింది ఆరేళ్ల కిందట, మీ ఇంట్లో, ఎదురుగా కూర్చుని. ఇప్పుడు ఇంత దూరం నుంచి విన్నాను.

ఏడుపు ఆగాక ముక్కు చీదుకుని, “ఈ రోజుకి ఇంక వినలేను. రేపు ఇదే టైముకి మళ్లీ చెయ్యి” అన్నారు.

ఇప్పుడు ఇక్కడ సాయంత్రం ఏడున్నర. ఇంకో గంటలో చేస్తాను.

మల్లికార్జున్